బస్రాకు మా అమ్మమ్మ పంపిన జవాబు

ఇరాక్ సైన్యం పక్కనున్న ఇరాన్ మీదికి దండెత్తిన ఆ వారంలో ఎవరైనా మా అమ్మమ్మ బక్కమ్మకు బస్రా దారి చూపించి ఉంటే ఆ యుద్ధం ఎనిమిదేళ్లు సాగేది కాదు. ఎనిమిది గంటల్లో తెమిలిపోయేది. ఆమె రెండు సైన్యాల నడుమ నిలబడి, కొంగు నడుముకు చుట్టి, ముందు దండెత్తి పోయినవాళ్ల ఏడు తరాలను, తర్వాత ఫిరంగితో జవాబు చెప్పినవాళ్ల ఏడు తరాలను తిట్టి, చివరికి ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి నూలు చిక్కు తీయించేది. నమ్మనివాళ్లు కొత్తవాడకు వచ్చి ఎవరినైనా అడగండి. సగం మంది నేను కోతలు కోస్తున్నానంటారు. మిగతా సగం మంది ఆమె తిట్లు తిన్నవాళ్లు, వాళ్లు నోరెత్తరు.

కానీ ఎవరూ ఆమెకు బస్రా దారి చూపించలేదు. అందుకని ఆ ఏడాది ఆమె వరంగల్లోనే నడిచింది. ఆమె వెనక నేను, తొమ్మిదేళ్లదాన్ని, చెప్పులు తెగేదాకా నడిచాను.

అంతకుముందు ఆమె నడిచే మనిషి కాదు, కూర్చునే మనిషి. పద్నాలుగో ఏట పెళ్లయి వచ్చి మా తాత సారంగపాణి పక్కన జంపఖానా మగ్గం మీద కూర్చుంది. ముప్పై ఏళ్లు లేవలేదంటే అందులో అబద్ధం కొంచెమే. పెళ్లి పందిట్లో పరిచే పెద్ద జంపఖానాను ఒక్కరు నేయలేరు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఎవరి సగం వాళ్లు నేయాలి. రంగు పోగు వేసి పంజాతో కొట్టాలి. పంజా అంటే చెక్క పిడి ఉన్న ఇనుప దువ్వెన. దాని దెబ్బ పడితేనే నేత గట్టిపడుతుంది. మా సందులో తెల్లారిందంటే ఇంటింటా ఆ చప్పుడే. ఎవరి చెయ్యి వాళ్లదే. అమ్మమ్మది గడియారం లాంటి దెబ్బ. తాత ఒకసారి సైకిల్ మీది నుంచి పడి కుడి భుజం పాడు చేసుకున్నాడు. అప్పటినుంచి మూడు దెబ్బలు కొట్టి, కాస్త ఆగి, రెండు కొట్టేవాడు. దారిన పోయేవాళ్లు ఆ చప్పుడు విని, తలుపు తట్టకుండానే "సారంగపాణి ఇంట్లనే ఉన్నడు" అనుకునేవారు.

వాళ్లిద్దరి మధ్య యుద్ధం ఇరాన్, ఇరాక్‌ల కంటే ఏడాదిన్నర ముందే మొదలైంది. 1979 ఎండాకాలంలో హన్మకొండలో ఎవరి పెళ్లికో పెద్ద జంపఖానా నేశారు. నడుమ తామరపువ్వు. సగం పువ్వు ఆయనది, సగం ఆమెది. మగ్గం మీది నుంచి దించి పరిచి చూస్తే తాత వైపు రేకులు అమ్మమ్మ వైపు రేకుల కంటే వేలెడు ఎత్తున ఉన్నాయి.

"నీ చెయ్యి వదులైంది. సరిగ్గ కొట్టకపోతె పువ్వు పైకి లేవదా?" అంది అమ్మమ్మ.

"నువ్వు కోపంతోని దంచినవ్. నీ రేకులే కిందికి కూరుకపోయినయ్" అన్నాడు తాత.

పెళ్లివాళ్లు ఆ పువ్వును చూడనైనా చూడలేదు. జంపఖానా పరిచి, భోజనాలు పెట్టి, చుట్టి పెట్టుకున్నారు. మా ఇంట్లో మాత్రం నాలుగు రోజులు అదే మాట. అయిదో రోజు తాత, తాను కూడా మొగిలయ్యతో బస్రా పోతున్నానని చెప్పాడు.

మొగిలయ్య మా పక్కింటి కట్టమ్మ కొడుకు. ఇరాక్‌లోని బస్రాలో బిల్డింగులు కట్టే కంపెనీకి మనుషులు కావాలంటే పేరు రాయించుకున్నాడు. ఆ పేర్లు రాసుకునే ఏజెంటు ముందు మా తాత తాను వడ్రంగినని చెప్పుకున్నాడు. మగ్గాన్ని చేసేది చెక్కతోనే కదా అని ఆయన లెక్క. యాభై ఏళ్ల వయసును నలభై రెండు చేసుకున్నాడు. తలకు రంగు పూసుకుని ఫోటో దిగేదాకా ఇంట్లో అందరం వేళాకోళమనే అనుకున్నాం.

వరంగల్ స్టేషన్లో రైలు కదిలే ముందు కిటికీలోంచి తల బయటపెట్టి తాత అన్నాడు:

"ఇగో, పోతాన. నువ్వు పిలిస్తె తప్ప రాను."

"నీ మొకానికి పిలుపు గూడ గావాల్నా? పోయే తొవ్వ తెలిసినోనికి అచ్చే తొవ్వ తెల్వదా?"

"పిలిస్తెనే అత్త."

"అయితె ఆడ్నే ఉండు."

చుట్టుపక్కల ఆడవాళ్లు మొగుళ్లను సాగనంపుతూ ఏడుస్తున్నారు. మా అమ్మమ్మ రైలు పోయేదాకా నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి, ఇంటికి వచ్చి, తాత కూర్చునే చోట మా అమ్మ శకుంతలను కూర్చోబెట్టి నేత మొదలుపెట్టింది. పక్కింటి కట్టమ్మతో మాటలు మానేసింది. ఆమె కొడుకే తన మొగుడికి లేనిపోని దారి చూపించాడని కోపం. కట్టమ్మ కూడా తగ్గలేదు. ముసలాయన వెంటపడటం వల్ల తన కొడుకుకు వయసుకు తగ్గ సోపతి, స్నేహం లేకుండా పోయిందంది.

మరుసటి ఏడు సెప్టెంబర్లో ఒక మంగళవారం. పోచమ్మ మైదాన్ దగ్గర రేడియోలు బాగుచేసే కిషన్ రావు, కొట్టు వదిలి మా సందులోకి వచ్చాడు. ఆయన సందులోకి రావడమంటే ఏదో అయినట్టే.

"బక్కమ్మక్కా, మీ ఆయన ఉన్న కాడ యుద్ధం మొదలైందట. వార్తలల్ల చెప్పిండ్రు."

అమ్మమ్మ పంజా చేతిలో పట్టుకునే లేచింది. అట్లాగే కొట్టుదాకా వచ్చింది. కిషన్ రావు దినపత్రికలో అచ్చయిన పటాన్ని బల్ల మీద పరిచి, బస్రా మీద చిటికెనవేలు పెట్టాడు. ఆ గోరు కింద బస్రా, దాని పక్కన నది, ఆ నది అవతలి దేశం అన్నీ మునిగిపోయాయి.

"గంత దగ్గరనా?" అంది అమ్మమ్మ. "ఎవలు ఎవల మీదికి పోయిండ్రు?"

"ఇరాకోళ్లే పోయిండ్రక్కా. విమానాలేసుకొని, టాంకులేసుకొని సరిహద్దు దాటి చొచ్చుకపోయిండ్రు. ఇరానోళ్లు గూడ ఊకుంటరా? బస్రా మీదికి గుండ్లు ఇడుస్తాండ్రట."

"మరి మా ఆయన ఎవలింట్ల ఉన్నడు?"

"ఇరాక్‌ల. మీదికి పోయినోళ్లింట్ల."

అమ్మమ్మ పటాన్ని చాలాసేపు చూసింది. ఆమెకు చదువు రాదు; ఆ గీతల్లో ఏం కనిపించిందో తెలియదు. "పక్కింటోని మీదికి కట్టె పట్టుకపోయెటోని ఇంట్ల కూలికి చేరిండా?" అని పంజాతో బల్లను ఒక్కటి కొట్టింది. అప్పుడు మా వెనక నుంచి కట్టమ్మ ఏడుపు వినిపించింది. ఆమె ఎప్పుడు వచ్చి నిలబడిందో మేం చూడలేదు.

ఆ రోజు నుంచి అమ్మమ్మకు కూర్చోవడం చేతకాలేదు. మగ్గం మీద కూర్చుంటుంది. నాలుగు పోగులు వేసి లేస్తుంది. అన్నం ముందు కూర్చుంటుంది. రెండు ముద్దలు తిని చెయ్యి కడుగుతుంది. పొద్దున రేడియో వార్తలకు కిషన్ రావు కొట్టు. అక్కడినుంచి పోస్టాఫీసు. పోస్టాఫీసు నుంచి స్టేషను. బొంబాయి వైపు నుంచి ఎవరైనా దిగుతారేమోనని. దిగినవాళ్లలో కొత్త సూట్‌కేసు పట్టుకున్న ప్రతివాడినీ ఆపి "బాబూ, బస్రా నుంచేనా?" అని అడిగేది. ఒకతను షోలాపూర్ నుంచి పెళ్లికి వస్తున్నాడు. అతణ్ని కూడా అడ్డగించి బస్రా సంగతులు చెప్పమని నిలదీసింది. అతను చెప్పలేకపోతే ఏదో దాస్తున్నాడని అనుమానపడింది.

ఈ దారంతా కట్టమ్మ కూడా నడిచేది. పది అడుగుల వెనక. ఇద్దరూ పోయేది ఒకే చోటికి, అడిగేది ఒకే మాట, కానీ మాటల్లేవు. నడుమ నేను.

"ఆమెనడుగే, ఇయాల యాడికి పోతాందో" అనేది కట్టమ్మ, అమ్మమ్మకు వినపడేట్టు.

"ఆమెకు చెప్పవే, హన్మకొండ కలెక్టరాఫీసుకని" అనేది అమ్మమ్మ, వెనక్కి తిరగకుండా.

"నడిచేనా, బస్సా అని అడుగు."

"కాళ్లు లెవ్వా అని అడుగు."

నేను రెండు మూడుసార్లు మధ్యలో సొంత మాటలు కలిపాను. "నువ్వు మంచిగ నడుత్తానవని అంటాంది" అని ఒకసారి కట్టమ్మకు చెప్పాను. ఆమె ఆ రోజంతా అయిదు అడుగుల దూరంలోనే నడిచింది.

కలెక్టరాఫీసులో గుమాస్తా కంపెనీ పేరు అడిగాడు. అమ్మమ్మ "మట్టి తవ్వి పైకి కడ్తదట, గదే" అంది. వయసెంతని అడిగితే "పాస్‌పోర్టుల నలభై రెండు, ఇంట్ల యాభై" అంది. ఆయన కలం పక్కన పెట్టి నవ్వి, కంపెనీ పేరు ఉన్న కాగితం తెమ్మన్నాడు. ఆ కాగితం తాత పెట్టెలో, ఆ పెట్టె బస్రాలో. మళ్లీ నడుచుకుంటూ ఇల్లు చేరాం.

రాత్రి పడుకున్నాక కూడా ఆమె కాళ్లు చాప మీద కదులుతూనే ఉండేవి. మా అమ్మ ఒకనాడు అంది, "అమ్మా, నడిచి నడిచి సచ్చిపోతవ్. నాయినను రమ్మని ఒక్క మాట పంపు. బస్రా పక్కన్నే ఉన్న కువైట్ పోయే మనుషులున్నరు. పిలిస్తె అత్తడు."

"ప్రాణమ్మీదికత్తె ఎవలు పిలువకున్నా అత్తడు" అంది అమ్మమ్మ. "నేను పిలువ. ఆయన రేకులే పైకున్నయి."

సద్దుల బతుకమ్మకు ముందు రోజు రఘునాథపల్లి నుంచి ఎల్లస్వామి అనే అతను మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. కువైట్‌లో లారీ డ్రైవరు. సెలవు మీద వచ్చాడు. బస్రా దాకా పోయివచ్చే ఇంకో డ్రైవరు అతనికి ఒక క్యాసెట్ ఇచ్చి, వరంగల్ కొత్తవాడలో బక్కమ్మకు చేర్చమన్నాడట. తాతను అతను చూడలేదు. ఎట్లా ఉన్నాడో తెలియదు. కానీ క్యాసెట్ యుద్ధం మొదలయ్యాకే ఇచ్చారని మాత్రం గట్టిగా చెప్పాడు.

అంతకుముందు కూడా తాత క్యాసెట్లు పంపేవాడు. ఉత్తరం రాస్తే అమ్మమ్మ ఇంకొకరితో చదివించుకోవాలి కదా, మాటలైతే నేరుగా చెవిలో పడతాయని. అవి వినడానికి మేం కిషన్ రావు కొట్టుకే పోయేవాళ్లం. ఆ రోజు కొట్టు ముందు సందంతా ఉంది. కట్టమ్మ మూల నిలబడింది. కిషన్ రావు టేప్ రికార్డర్ మీట నొక్కాడు.

ముందు దగ్గు. తర్వాత తాత గొంతు.

"ఓ బక్కమ్మా. నేను మాట్లాడుతాన. మొగిలి మంచిగనే ఉన్నడు, వాళ్లమ్మకు చెప్పు. శకుంతల ఎట్లున్నది, పిల్ల బడికి పోతాందా అని అడుగుతాన. నీ పానం ఎట్లున్నదని నేను అడుగ. మా కత ఎట్లున్నదో చెప్పుడెందుకు. ఇను."

ఆ తర్వాత మాటల్లేవు. టేపు తిరుగుతూ ఉంది. ముందు ఏమీ వినపడలేదు. కాసేపటికి ఎక్కడో దూరాన ఒక చప్పుడు. దబ్, దబ్, దబ్. ఆగింది. దబ్, దబ్. మళ్లీ ఆగింది. మళ్లీ దబ్. అది చాలాసేపు సాగింది. చివరికి తాత గొంతు: "ఇన్నవు గదా. ఇగ నీ ఇట్టం." అంతే.

ఎల్లస్వామి తల వంచుకున్నాడు. కట్టమ్మ గోడకు ఆనుకుని కిందికి జారి, "అయ్యో నా కొడుకా" అంది. కిషన్ రావు మీట మీద వేలు పెట్టి, అమ్మమ్మ మొహం చూడలేక అటు తిరిగాడు.

"మల్ల పెట్టు సేటూ" అంది అమ్మమ్మ.

రెండోసారి విన్నది. మూడోసారి విన్నది. మూడోసారి ఆమె కుడిచెయ్యి ఆ చప్పుడుతో పాటు మోకాలి మీద పడటం చూశాను.

"గిది పంజా" అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"పంజా. ఆయన చెయ్యే. మూడు కొట్టి ఆగుడు, రెండు కొట్టుడు. ముప్పై ఏండ్లు నా పక్కన్నే గద ఇన్న. ఆడ మగ్గం పెట్టిండు. వడ్రంగోన్నని చెప్పుకోలేదా? చెక్క దొరికింది, పెట్టిండు. నాకు ఇనిపిచ్చి పొగరు చూపుతాండు."

"అక్కా, నాలుగు దెబ్బలు గూడ పడ్డయి. ఒక్కటి గూడ పడ్డది" అన్నాడు కిషన్ రావు మెల్లగా.

"ఒక్క దెబ్బ కాడ రంగు పోగు మార్చుకుంటాండు. నీకేం తెలుసు, నువ్వెప్పుడన్న నేసినవా?"

"అవి ఫిరంగులక్కా."

"ఫిరంగులైతె మనిషి గట్ల నిమ్మలంగ మాట్లాడుతడా? నీ రేడియోలు నువ్వు చూసుకో."

జనంలో ఉన్నవాళ్లంతా నేతవాళ్లే. వింతేమిటంటే, ఆమె అన్నాక వాళ్లకు కూడా అది పంజాలాగే వినపడటం మొదలైంది. ఒక ముసలాయన "మూడు, రెండు. ఔను, సారంగపాణిదే" అన్నాడు. నాక్కూడా అట్లాగే వినపడింది. ఫిరంగి ఎట్లా ఉంటుందో మాలో ఎవరికి తెలుసు? పంజా ఎట్లా ఉంటుందో కడుపులో ఉన్నప్పటినుంచీ తెలుసు. ఒక్క కట్టమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఆమె అందరిలా విన్నది గానీ, ఏడుపు ఆపలేదు.

మరునాడు అమ్మమ్మ తంగేడు పూలు, గునుగు పూలు తెప్పించి నా నడుము దాకా వచ్చే బతుకమ్మను పేర్చింది. అందరికంటే గట్టిగా పాడింది. ఇంటికి వచ్చి మగ్గం మీద కూర్చుంది. కూర్చునే ఉంది. ఇరవై నాలుగు రోజుల తర్వాత ఆమె కాళ్లు నిలకడగా ఉండటం అదే మొదలు.

ఎల్లస్వామి సెలవు ముగిసి కువైట్ తిరిగి పోయేముందు జవాబు క్యాసెట్ తీసుకుపోతానన్నాడు. మళ్లీ కిషన్ రావు కొట్టు. ముందు కట్టమ్మ కూర్చుంది. ఆమె చెప్పింది ఒకటే మాట. దాన్నే ఏడుస్తూ పదిసార్లు చెప్పింది. "కొడుకా, అచ్చెయ్ రా." తర్వాత అమ్మమ్మ. కొంగు సర్దుకుని, టేప్ రికార్డర్‌కు తాత మొహమే ఉన్నట్టు దాన్ని కోపంగా చూస్తూ మొదలుపెట్టింది.

"ఓ మనిషీ. ఇన్న. మంచిగనే ఇనపడ్డది. నీ చెయ్యి ఇంకా వంకరనే ఉన్నది. మాకేం తక్కువ లేదు. తొందర పడకు. నీ పని నువ్వు చేసుకో."

పక్కనున్న మా అమ్మ ముందుకు వంగి "నా..." అంది. "నాయినా, అచ్చెయ్" అనబోయింది. అమ్మమ్మ ఆ లోపే మీట నొక్కేసింది. ఇంత తెలివి ఆ మీట మీద ఆమెకు ఎక్కడిదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఇంట్లో లైటు స్విచ్ వేయమంటే నన్ను పిలిచే మనిషి.

"అమ్మా, ఒక్క మాట అననీయరాదు?" మా అమ్మ కళ్లు తుడుచుకుంది.

"ఆయన నేసుకుంటాండు. నడుమల లేపద్దు" అంది అమ్మమ్మ.

కార్తీకం పోయింది. డిసెంబరులో ఒక మధ్యాహ్నం పక్కింట్లో పెద్ద కేక వినపడింది. మొగిలయ్య వచ్చాడు. ఎముకల గూడులా ఉన్నాడు. కట్టమ్మ వాడి మొహమంతా తడుముతూ గడపలోనే కూర్చుండిపోయింది. అమ్మమ్మ చేతిలో పంజా ఉండగానే గోడ పక్కనుంచి వాళ్ల వాకిట్లోకి పోయింది. ఏడాదిన్నర తర్వాత ఆ వాకిట్లో అడుగు పెట్టడం.

"మీ మామ ఏడిరా? వెనక అత్తాండా?"

మొగిలయ్య ఆమె కళ్లలోకి చూడలేదు. "రాలే అత్తా. కంపెనీ బస్సులు పెట్టి మమ్ముల కువైట్ దాటిచ్చింది. మామను ఎక్కుమంటె ఎక్కలే."

"ఎందుకెక్కలే? మగ్గం ఇడిచిపెట్టబుద్ధి గాలేదా?"

"ఏం మగ్గం?"

"మగ్గం రా. పంజా కొట్టుడు నేను ఇనలేదా?"

మొగిలయ్య ఆమె చేతిలోని పంజాను చూశాడు. అర్థమయ్యాక వాడి మొహం మారిపోయింది.

"అత్తా, ఆడ మగ్గం లేదు. అవి ఫిరంగులు. నది అవుతల నుంచి ఇడుస్తాండ్రు. మేమందరం గుంతల దాసుకుంటె మామ టేప్ రికార్డర్ పట్టుకొని రేకుల షెడ్డు ఎక్కిండు. దిగు మామా అని మొత్తుకున్నం. 'నేను నోరు తెరిచి భయమైతాందని చెప్ప. ఆమెనే ఇంటది. ఇంటె పిలుత్తది' అన్నడు."

అమ్మమ్మ పక్కనున్న గోడకు చెయ్యి ఆనించింది.

"నీ జవాబు అచ్చినంక రెండు రోజులు అన్నం ముట్టలే. బస్సు అచ్చిననాడు కాళ్లు మొక్కిన అత్తా, అబద్ధం గాదు. 'తొందర పడకు అన్నది గదరా, నేనెందుకు తొందరపడాలె' అన్నడు. నేను ఎక్కే ముందటి రోజు గూడ షెడ్డు పక్కన్నే గుండు పడ్డది."

పంజా ఆమె చేతిలోంచి జారి కాలి వేళ్ల మీద పడింది. ఆమె కిందికి కూడా చూడలేదు. గడపలో కూర్చున్న కట్టమ్మ వైపు తిరిగి, నన్ను నడుమ పెట్టకుండా, "వదినా, లే. నాతోని రా" అంది. కట్టమ్మ కొడుకు భుజం మీది నుంచి చెయ్యి తీసి లేచి వచ్చింది.

కాలి నుంచి నెత్తురు కారుతుంటే అమ్మమ్మ కుంటుకుంటూ పోస్టాఫీసుకు నడిచింది. టెలిగ్రాం ఇచ్చే కిటికీ ముందు మొగిలయ్య రాసిచ్చిన అడ్రసు కాగితం పెట్టింది. యుద్ధం జరిగే చోటికి ఎప్పుడు చేరుతుందో, చేరుతుందో లేదో కూడా చెప్పలేనన్నాడు లోపలి ఆయన. "పర్వలేదు, రాసుకో సారూ" అంది.

"చెప్పమ్మా."

"ఓ మనిషీ, నీకు బుద్ధున్నదా, నెత్తి మీద గుండ్లు పడుతాంటె అలిగి కూసుంటవా, మనుమరాలు పెద్దగైతాంది, సిగ్గు లేదా..."

"అమ్మా, ఇది టెలిగ్రాం. నాలుగు మాటలల్ల చెప్పాలె."

"బుద్ధున్నదా. అలిగి కూసుంటవా. గివి నాలుగే."

"తిట్లు తీసెయ్యమ్మా."

"తిట్లు తీసేస్తె ఇగ ఏం మిగులుతది?"

లోపలి ఆయన కళ్లజోడు తీసి ఆమెను చూశాడు. "నువ్వు చెప్పాలనుకున్నది మిగులుతది. దేనికోసం వచ్చినవమ్మా?"

అమ్మమ్మ కిటికీ చువ్వలు పట్టుకుంది. గోడ మీది గడియారం చూసింది, వెనకున్న వరుస చూసింది, కట్టమ్మను చూసింది. "వదినా, నువ్వు చెప్పు" అంది.

"నేనెట్ల చెప్త? నా మొగడా?" అంది కట్టమ్మ.

వెనకున్నవాళ్లు తొందరపెట్టారు. అమ్మమ్మ చువ్వల మధ్య మొహం పెట్టి, పక్కనున్న నాకే సరిగ్గా వినపడనంత మెల్లగా అంది.

"రా."

"అంతేనా?"

"అంతే. ఇంకేమన్న అంటె మల్ల తిట్టు అత్తది."

బయటికి వచ్చాక నా చెవి పట్టుకుని, "మీ తాత అచ్చినంక నేను పిలిచిన్నని చెప్పినవో, నీ నాలిక మగ్గానికి కడ్త" అంది. ఆయన వస్తాడో రాడో తెలియదు. అయినా ముందే ఆ బెదిరింపు.

మళ్లీ నడక మొదలైంది. ఈసారి కట్టమ్మ పది అడుగుల వెనక లేదు, పక్కనే ఉంది. కొడుకు ఇంట్లో క్షేమంగా ఉన్నా ఆమె రోజూ నడిచింది. ఇప్పుడు ఇద్దరూ ఎంత మాట్లాడుకునేవారంటే నాకు సందు దొరికేది కాదు. కిషన్ రావు రేడియోలో బస్రా పేరు వినపడిన రోజు అమ్మమ్మ స్టేషనుకు రెండుసార్లు పోయేది. మగ్గం మీద సగం నేసిన జంపఖానా అట్లాగే దుమ్ము పట్టింది. మా అమ్మ ఒక్కతే కూర్చుని ఏం చేస్తుంది? పువ్వులో తన సగం నేసి, అవతలి సగం ఖాళీగా వదిలేసి ఎదురుచూసింది.

ఫిబ్రవరిలో ఒక రోజు స్టేషను నుంచి ఉత్త చేతులతో తిరిగి వస్తున్నాం. కిషన్ రావు కొట్టు మెట్టు మీద ఒక ముసలాయన చాయ్ తాగుతున్నాడు. తలంతా తెల్లగా, గడ్డం, పెద్ద కోటు. నేను గుర్తుపట్టలేదు. అమ్మమ్మ దూరం నుంచే పట్టింది. నడక ఆపి, కొంగు సర్దుకుని, ఏమీ కానట్టు మెల్లగా ఆయన ఎడమ పక్కకు పోయి నిలబడింది.

"అచ్చినవా?" అంది.

తాత చాయ్ ఊదుకుంటూ ఎటో చూస్తున్నాడు. జవాబు లేదు.

"నిన్నే. అచ్చినవా అంటాన."

తాత తల తిప్పలేదు. అమ్మమ్మ మొహం ఎర్రబడింది. "ఇంకా అలకనేనా? గుండ్ల కింద కూసున్నా బుద్ధి రాలేదా నీకు? గీ మూడు నెలలు నేను ఎట్ల తిరిగిన్నో ఎవలనన్న అడుగు!" అని ఆయన కోటు పట్టుకుని లాగింది. చాయ్ ఒలికింది. తాత ఉలిక్కిపడి తిరిగి చూసి, ఉన్న నాలుగు పళ్లతో నవ్వాడు.

"నువ్వెప్పుడచ్చినవే?"

లోపలి నుంచి కిషన్ రావు తన ఎడమ చెవి మీద చెయ్యి పెట్టి, లేదన్నట్టు ఊపాడు.

అమ్మమ్మకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఆయన ముందు నుంచి నడిచి కుడి పక్కకు పోయి, మెట్టు మీద ఆనుకుని కూర్చుంది. ఆ చెవి దగ్గర అడిగింది.

"ఎవలన్న పిలిస్తె అచ్చినవా?"

"ఎవలు పిలుత్తరు? కంపెనీ బంద్ పెట్టిండ్రు. ఉన్నోళ్లందరిని లారీల ఏసుకొని కువైట్ల పారేసిండ్రు. నేను గట్ల అచ్చిన." నేలను చూస్తూ అన్నాడు, "పిలువకుండనే అచ్చిన. నవ్వుకో."

అమ్మమ్మ నవ్వలేదు. నా వైపు ఒక చూపు చూసింది. నేను నాలుక లోపలే పెట్టుకున్నాను.

ఆ టెలిగ్రాం ఏమైందో మాకు తెలియదు. మగ్గం మీద వాళ్లు చోట్లు మార్చుకున్నారు. తాత మంచి చెవి ఆమె వైపు ఉండేట్టు. దాంతో ఇద్దరి సగాలూ తారుమారై చాలా రోజులు పువ్వులు వంకరగా వచ్చాయి. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. తాత తాను ఓడిపోయాననే అనుకున్నాడు. ఎవరైనా బస్రా మాటెత్తితే "పిలువని పేరంటానికి అచ్చినట్టు అచ్చిన్నయ్యా ఇంటికి" అనేవాడు. అమ్మమ్మ అప్పుడల్లా గట్టిగా పంజా కొట్టేది.

ఏడో తరగతితో నేను బడి మానేసి ఆ మగ్గం దగ్గరే చేరాను. 1988లో ఆ యుద్ధం ఆగిందని కిషన్ రావు రేడియోలోనే విన్నాం. నాకప్పుడు పదిహేడేళ్లు, నోరు ఆగని వయసు. తాత బయటికి పోయిన సమయం చూసి అడిగాను.

"అమ్మమ్మా, యుద్ధమే అయిపోయింది, ఇప్పుడన్న నిజం చెప్పు. నువ్వనేదాక సందంత ఫిరంగులనే అనుకున్నరు. కిషన్ రావు సారు చెప్పిండు. కట్టమ్మవ్వకు తెలిసింది. నీ చెవులు పాము చెవులాయె. నీకొక్కదానికే పంజా ఎట్ల ఇనపడ్డది?"

ఆమె పోగు వేసింది. కొట్టింది. నా వైపు చూడకుండానే చెప్పింది.

"ఫిరంగంటె పిలవాల్సత్తది గదనే, పిచ్చిదానా."